కరవునాటి కూలి



భిక్నూరులో సిద్ధరామేశ్వరుని దేవళము నొద్ద బయలుదేఱి పెద్దబాటను పట్టి దక్షిణముగా పోయినచో రామాయంపేట వచ్చును. అచ్చట పడమరకు మరలిన బాట మెదకునకు పోవును. ఊరింకను దూరముగా నుండగనే ఒక రాతిగోపురము కంటబడును. దాని యెత్తు సుమారు 175 అడుగులు. అది క్రైస్తవుల గుడి. కరవుకాలమున కూలివారికి పని కల్పించుచు దానిని కట్టిరని ఈ ప్రాంతమున నెఱుగనివారు లేరు.

నేను అర్థశాస్త్రము చదివినవాడను. వర్తకమునకు సంకెలలు వేయరాదనువారిలో నొకడను. క్రైస్తవుడను గూడ. ఈ సంగతి తెలిసిన భిక్నూరి పెద్ద యొకరు ఒకనాడు నన్నిట్లడిగిరి: “అయ్యా, కరవు వచ్చినప్పుడు ధాన్యమును తెచ్చునది మీ శాస్త్రమా, మీ మతమా?” ఆయన పరిహాసమునకే అడిగియుండవచ్చును. నాకు మాత్రమా ప్రశ్న పరిహాసముగా తోచలేదు. ఏలయనగా ఈ రెండింటికిని మన తెలుగునేల మీదనే ఒకమారు గట్టి పరీక్ష జరిగినది. ఆ చరిత్రమునే ఈ ప్రసంగమున చెప్పదలచితిని.

మొదట శాస్త్రము పక్షమున చెప్పవలసినది చెప్పెదను. అది నా వృత్తిధర్మము.

పంట చేతికి వచ్చిన మాసములో షావుకారు వడ్లు కొని గాదెలో పోసికొనును. వానలు తప్పినవని తెలియగానే ధర పెంచును. ఊరివారు వానిని తిట్టుదురు. తిట్టదగినవారును కలరు, త్రాసులో మోసము చేయువానిని నేను వెనుక వేసికొని రాను. అయినను ధర పెరుగుటయందు రెండు మేళ్లున్నవి. కడుపునిండ తినగలవాడు కొంత తగ్గించుకొనును గావున గాదెలోని గింజ ఆషాఢము దాక నిలుచును. మఱియు పొరుగు సీమలో చవుకగా నున్న ధాన్యము బండ్లెక్కి ఇచ్చటికి వచ్చును. ఎవ్వరును ఆజ్ఞాపింప నక్కఱలేదు. కామారెడ్డి బెల్లపు బజారు నెఱిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఎచ్చట ధర యెక్కువగా నున్నదో అచ్చటికి బెల్లము తనంత తానే త్రోవ వెదకికొని పోవును.

ఆడం స్మిత్తు 1776లో ప్రకటించిన గ్రంథమున ఈ వాదమును విపులముగా చెప్పెను. 1770లో వంగదేశమున సంభవించిన ఘోరక్షామమును గూడ అందు ప్రస్తావించెను. వానలు లేమి ధాన్యమును కొఱత పఱచినదనియు, కుంఫిణీ యుద్యోగులు బియ్యపు వర్తకముపై విధించిన తెలివిమాలిన కట్టుబాట్లు ఆ కొఱతను కరవుగా మార్చినవనియు ఆయన యభిప్రాయము. ఇందు చాల నిజమున్నది. అధికారము చేతనున్నవాడు గాదెకు తాళము వేసినచో ఏమి జరుగునో పల్లెలలో పుట్టినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే ఈ వాదము మన దేశమునకు వచ్చిన త్రోవ విచిత్రమైనది. హిందూదేశమునకు పంపబడు కుంఫిణీ యుద్యోగులకు చదువు చెప్పుటకై ఇంగ్లండులో ఒక కళాశాలను పెట్టిరి. తరువాత అది హెయిలీబరీలో స్థిరపడెను. అందు 1805 మొదలు 1834లో మరణించు వఱకు అర్థశాస్త్రము చెప్పినవాడు మాల్థసు. ఆయన క్రైస్తవ మతాచార్యుడు. ఆదివారము గుడిలో ప్రసంగించువాడు. జనసంఖ్య ధాన్యమును మించి పెరుగుననియు, కరవును రోగమును దానిని తగ్గించుననియు 1798లో గ్రంథము వ్రాసిన వాడీయనయే. కాబట్టి భిక్నూరి పెద్ద వేఱు వేఱని తలచిన శాస్త్రమును మతమును ఒకే మనిషి నోట ఒకే తరగతిలో మన దొరలకు బోధింపబడినవి! ఆ తరగతులలో చదివినవారు కలెక్టరులై వచ్చిరి. ఆ కళాశాల 1858లో మూతపడినను ఆ చదువు మూతపడలేదు.

ఇక పరీక్ష జరిగిన కథ. 1876లో వానలు తప్పెను. అది ధాత సంవత్సరము. మన పెద్దలు దానిని ధాత కరవని పిలిచిరి. రాయలసీమ, కోస్తా దక్షిణభాగము, మైసూరు, దక్కను అంతయు ఎండెను. మద్రాసు గవర్నరైన బకింగ్‌హాము ప్రభువు భయపడి 30,000 టన్నుల ధాన్యమును రహస్యముగా కొనిపించెను. రాజప్రతినిధి లిట్టను ప్రభువు దానికి సమ్మతింపలేదు. దొరతనము ధాన్యము కొనుటకు దిగినచో వర్తకులు బెదరి తొలగిపోవుదురనియు, వర్తకమున వ్రేలు పెట్టరాదనియు ఆయన నిర్ణయము. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియాకు చక్రవర్తినీ బిరుదమును ప్రకటించు దర్బారు మహావైభవముగా జరిగెను. అదే జనవరిలో సర్ రిచర్డు టెంపిలు అను దొరను కరవు వ్యయమును తగ్గించుటకై మద్రాసునకు పంపిరి.

ఈ టెంపిలు కథయు వినదగినది. మూడేండ్ల క్రిందట వంగ, బీహారు ప్రాంతములలో కరవు సోకినప్పుడు బర్మానుండి సుమారు 4,50,000 టన్నుల బియ్యమును తెప్పించి జనులను చావనీయకుండ కాపాడినవా డీయనయే. అంత ధనము దుబారా చేసితివని పైవారు ఆయనను నిందించిరి. ఆ నింద ఆయనకు బాగుగ తగిలెను. మద్రాసునకు వచ్చి, రాళ్లు కొట్టి కట్టలు మోయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును కొద్ది రొక్కమును చాలునని నిర్ణయించెను. పౌను అనగా సుమారు అర్ధశేరు. ఆడువారికిని పిల్లలకును అంతకు తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖాధిపతి యైన కార్నిషు వైద్యుడు, ఈ తిండితో పని చేసినవాడు బ్రదుకడని గట్టిగ వాదించెను. చివరకు కొన్ని నెలలకు కూలి కొంత పెంచిరి. ఈ లోపల పోవలసినవారు పోయిరి. ఆంగ్ల పాలనలోని సీమలలో ఈ కరవున మరణించినవారు 50 లక్షలకు పైబడిరని లెక్కలు చెప్పుచున్నవి.

ఇచ్చట నా శాస్త్రమును నేనే నిలదీసి అడుగవలసి యున్నది. ధాన్యము కదలలేదా? కదలినది. రైళ్లుండెను, తంతివార్తలుండెను. ధర పెరిగెను, వర్తకులు వచ్చిరి. అయితే రైలు తెచ్చినట్లే తీసికొనిపోవును గూడ. తంతి మీద ధరవార్త పోయిన వెంటనే కరవు లేని ఊరిలోను ధర లేచెను. ఆ యేండ్లలోనే గోధుమలు ఇంగ్లండునకు ఓడలెక్కుచునే యుండెను. ఎందుకనగా కొనగలవారు అచ్చట నుండిరి.

లోపమెచ్చట నున్నదో చూడుడు. వాన తప్పినపుడు గింజ మాత్రమే తప్పదు, పనియు తప్పును. దుక్కి లేదు, నాటు లేదు, కోత లేదు. రైతు కల్లములో కుప్ప వేసిననాడు చాకలికి, మంగలికి, కమ్మరికి, మాదిగకు మేర కొలుచును. కుప్పయే లేనినాడు మేర యెక్కడిది? నేతవాని వస్త్రమును కొనువాడు లేడు. పశువులు చచ్చి తోలు గుట్టలు పడినవి. తోలు ధర పడిపోయినది. కావున వీరి చేతికి గింజయు రాలేదు, రూకయు రాలేదు. బజారునకు పోయి రెట్టింపు ధర యిచ్చెదనని చెప్పగలవానికి బజారు ధాన్యమును తెచ్చును. ఏమియు ఇయ్యలేనివాడు దాని కంటికి అగపడడు. వాని యాకలి ధరగా మారదు. అమర్త్యసేనుగారు 1981లో వెలువరించిన గ్రంథములో పెక్కు కరవులను పరిశీలించి ఈ సంగతినే శాస్త్రసమ్మతముగా స్థాపించిరి. ధాన్యము లేకపోవుట వేఱు, ధాన్యమును పొందు దారి లేకపోవుట వేఱు అని. స్మిత్తు వర్తకుని గూర్చి చెప్పినది తప్పు కాదు. హెయిలీబరీ శిష్యులు కొనువాని మాట మఱచిరి. నా యభిప్రాయ మిది.

ఇపుడు ఒంగోలు కథకు వచ్చెదను. అది మన భిక్నూరికి దూరమైనను మెదకు గోపురమునకు దారి అచ్చటినుండియే యని నాకు తోచును.

అమెరికా బాప్తిస్టు మిషను వారు పంపగా జాన్ క్లౌ అను దొర 1865లో ఈ దేశమునకు వచ్చి మఱుసటి యేట ఒంగోలు చేరెను. 1867లో ఆయన ఆరంభించిన సంఘమున 8 మంది యుండిరి. ఆయన బోధ మాదిగవాడలలో ఎక్కువగ ప్రాకెను. ఈయన బోధకుడు గాకమునుపు యౌవనమున భూములు కొలుచు సర్వేయరు పని చేసినవాడు. ధాత కరవున ఈ పాతపనియే అక్కఱకు వచ్చెను. తీరము వెంట పోవు ఉప్పునీటి కాలువను కరవుపని క్రింద దొరతనమువారు త్రవ్వించుచుండిరి; తరువాత దానికే గవర్నరు పేర బకింగ్‌హాము కాలువ యను పేరు నిలిచెను. క్లౌ దొర దానిలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొనెను.

ఇందలి మెలకువను పెద్దలు గమనింపవలెను. ఆయన భిక్ష పెట్టలేదు. గుత్త తీసికొని, తన బోధకులను మేస్త్రీలుగా నిలిపి, తట్ట మోసినవానికి కూలి చెల్లించెను. కూలి చేతికి వచ్చినవాడు బజారున కొనువాడాయెను. కొనువాడు వచ్చిన చోటికి ధాన్యము వచ్చును. అంతవఱకు గ్రుడ్డిదైన బజారునకు కన్ను వచ్చినది. నేను నమ్మిన శాస్త్రమునకు ఈ పనిలో భంగమేమియు లేదు. అది ఎక్కడ ఆగిపోయెనో అక్కడనుండి ఈయన దానిని ముందుకు త్రోసెను.

పనికి విరామ మిచ్చిన వేళల ఆ మేస్త్రీలు కూలివారితో క్రీస్తు కథ చెప్పిరి. జనులు గుంపులుగా వచ్చి బాప్తిస్మమడిగిరి. ఇక్కడనే అసలైన చిక్కు. కూలియిచ్చు చేయియు బాప్తిస్మమిచ్చు చేయియు ఒకటైనపుడు, వచ్చినవాడు గింజకై వచ్చెనో దేవునికై వచ్చెనో ఎవరు చెప్పగలరు? ఆశ చూపిన వైపు మనిషి నడచునని చెప్పుటకే గదా మా శాస్త్రమున్నది. క్లౌ దొర ఈ సంగతి నెఱిగినవాడు. కరవుపని సాగుచున్నంత కాలము, సహాయము పంచుచున్నంత కాలము బాప్తిస్మములను నిలిపివేసెను. ఒక యేడు గడచినను ఆ నిలుపుదల సాగెను. 1878లో సహాయము ముగిసి, ఇయ్యదగినదేమియు తన యొద్ద లేదని అందఱకు తెలిసిన పిమ్మట మరల ఆరంభించెను. ఆ యేడు జులై 3వ తేదీన గుండ్లకమ్మ యేటి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంవత్సరాంతమునకు ఆ సంఖ్య తొమ్మిదివేలు దాటెను.

ఆ నిలుపుదలను నేను మిక్కిలి గౌరవింతును. తాను కోరినది చేతికందుచుండగా చేయి వెనుకకు తీసికొనుట సామాన్యము కాదు.

కరవును గూర్చి విచారించిన సంఘము 1880లో నివేదిక నిచ్చెను. 1883లో కరవు నిబంధనలు వెలువడెను. పని కల్పించి కూలి నిచ్చుట వానిలో ముఖ్యసూత్రము. నైజాము సీమలో నలుబదియేండ్లకు పిమ్మట ఇదే సూత్రము మెదకులో రాతిగుడియై లేచినది. వెస్లియను మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర 1914లో ఆ పని నారంభించెను. అవి ఐరోపా మహాయుద్ధపు దినములు. ధరలు మండుచుండెను, వెనువెంటనే కరవును 1918 నాటి విషజ్వరమును వచ్చెను. చుట్టుపట్ల గ్రామములవారు రాయి కొట్టిరి, సున్నము నూరిరి, మోసిరి. కూలి దొరకెను, పొయ్యి రాజెను. పదియేండ్లు పట్టినది. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. గుడి నిడివి 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ఒకేమారు 5,000 మంది కూర్చుండవచ్చును. దాని రంగుటద్దముల కిటికీలలో క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చిత్రింపబడినవి. ఉదయపు టెండలో వానిని చూడవలెను.

అయినను అర్థశాస్త్రజ్ఞునికి సుందరమైన వస్తువును చూచి ఊరకుండుట రాదు. అదే కూలితో చెఱువులు త్రవ్వించియున్నచో? చెఱువు మరుసటి కరవును ఆపును, గుడి ఆపదు. గుడి ముగింపునకు వచ్చుచున్న 1923లోనే అదే మంజీరపై నిజాంసాగరము పని ఆరంభమై 1931లో పూర్తి యాయెను. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు కట్టించిన ఆ జలాశయపు నీటితో ఎన్ని వేల ఎకరములు పండెనో ఈ జిల్లా పెద్దలకు నాకంటె బాగుగ తెలియును. ఈ సంశయమును నేను మెదకు వారితోనే అనగా, ఒక ముసలి సంఘపెద్ద నవ్వి, “బాబూ, చెఱువు క్రింద భూమి యెవరిది? గుడిలో కూర్చుండు చోటు మాత్రము మాదే” అనెను. నేను మాటాడలేదు.

భిక్నూరికి ఉత్తరమున అదే పెద్దబాటపై డిచ్‌పల్లి యున్నది. అచ్చట కెర్ దంపతులు 1915లో స్థాపించిన కుష్ఠవైద్యశాలకు రాజా నర్సాగౌడుగారు ఉదారముగా విరాళమిచ్చిరి. ఆయన హిందువు. ఇసబెల్ కెర్ వైద్యురాలు చాల్‌మూగ్రా తైలపు సూదులతో వేలమందికి చికిత్స చేసి 1932లో మరణించెను. గ్రామమునుండి వెడలగొట్టబడిన రోగి యేమి కొనగలడు? ఏ బజారు వాని ముఖము చూచును? దీనిపై ఇంతకంటె చెప్పుటకు సమయము చాలదు.

క్రీస్తు చెప్పిన కథయొకటి నన్ను ఎల్లప్పుడును కలవరపెట్టును. ద్రాక్షతోట యజమానుడు తెల్లవారగనే కొందఱిని, జాము జామునకు మఱికొందఱిని, ప్రొద్దు గ్రుంకబోవుచుండగా కడపటివారిని కూలికి పిలిచి, సాయంకాలమున అందఱికి ఒకే కూలి యిచ్చెను. మొదటివారు సణిగిరి. నా శాస్త్రము వారి పక్షముననే యుండును: ఇట్లు ఇచ్చినచో రేపు తెల్లవారుజామున ఎవడు వచ్చును? చాల యేండ్లు ఈ కథను నేను దాటిపోవుచుంటిని. ధాత కరవు కాగితములు చదివిన పిమ్మట ఆ కడపటివారు వేఱుగ కనబడిరి. వారు సోమరులు కారు. దినమంతయు సంతవీథిలోనే నిలిచియుండిరి. పిలిచినవాడు లేకపోయెను. ఒక దినపు తిండికి ఒక దినపు కూలి కావలెను; ఒక గంట కూలితో దినము గడవదు.

క్రైస్తవులైన అర్థశాస్త్రజ్ఞులందఱు ఒకే త్రోవను పోయిరని తలపవలదు. జాన్ మత్తాయిగారు స్వతంత్రభారతమున ఆర్థికమంత్రియై, ప్రణాళికాసంఘమునకు అన్ని యధికారములు తగవని 1950లో పదవిని విడిచిరి. జె. సి. కుమారప్పగారు గాంధీగారి వెంట నడచి గ్రామపరిశ్రమలే శరణ్యమనిరి. యంత్రములను పెద్ద బజారులను నమ్మలేదు. ఇద్దఱును ఒకే వేదగ్రంథమును చదివినవారే. నేను మత్తాయిగారి త్రోవవాడను. అయితే కూలివాని గూర్చి వ్రాయవలసి వచ్చినపుడెల్ల కుమారప్పగారి పుస్తకమే చేతికి తీసికొందును.

ఇటీవలి సంగతులు రెండు చెప్పి ముగించెదను. 2005లో పార్లమెంటు ఉపాధిహామీ చట్టమును చేసెను. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారు దాని నమలునకు తెచ్చిరి. వారును బజారులకు తలుపులు తెఱచిన అర్థశాస్త్రజ్ఞులే. అడిగినవానికి పని, పనికి కూలి: ధాత కరవున మూడున్నర మైళ్ల కాలువలో జరిగినది దేశమంతటికి శాసనమైనది. గుత్తదారును అందులోనుండి తొలగించిరి. అది మంచిదే, ప్రతి గుత్తదారును క్లౌ దొర కాడు.

రెండవది వడ్ల సంగతి. 2020లో వచ్చిన సాగుచట్టములు మూడును 2021లో రద్దాయెను. స్వేచ్ఛావర్తకమును కోరు నేను వానిని మెచ్చుకొందునని చాలమంది తలచిరి. రైతును అడుగక రాత్రికి రాత్రి తెచ్చిన స్వేచ్ఛను రైతు నమ్మడని నేనంటిని. ఆ వెనువెంటనే యాసంగి వడ్లు ఎవరు కొనవలెనని కేంద్రమును రాష్ట్రమును తగవులాడుచుండగా, బాటల ప్రక్కన రాసులు పోసికొని మబ్బు వైపు చూచుచు కూర్చుండినది రైతులే.

ఇదంతయు నేను భిక్నూరి పెద్దకు చెప్పితిని. ధాన్యమును తెచ్చునది ధరయనియు, ధర చెల్లించు కూలిని చేతిలో పెట్టువాడొకడు కావలెననియు, ఆ రెండవ పనిని మన సీమలో కొంతకాలము మతము చేసెననియు నా సమాధానము. ఆయన ఓపికగా వినిరి. లేచి కండువా దులుపుకొనుచు ఇట్లనిరి: “ఆకలి తీరిన పిమ్మట ఏటియొద్దకు వచ్చినవారు 2,222 మందియని మీ దొర వ్రాసియుంచెను. బాగున్నది. అదే కాలువలో తట్ట మోసి, కూలి పుచ్చుకొని, ఏటియొద్దకు రాక తమ యింటికి పోయినవారెందఱు? వారికిని కూలి సరిగానే ముట్టెనా?”

ముట్టెననియే నా నమ్మకము. వారి పేరుల పట్టీ కొఱకు వెదకుచున్నాను.